పరిగె లేని చేను

గౌతమి కర్మ జరిగిన రోజునే ఆమె చేను కూడా పోయింది.

నేల ఎక్కడికీ పోలేదు. ఎర్రకొండాపురానికి పడమట, గుట్ట వాలులో, ముళ్లకంప చుట్టుకొని ఆ ఎకరం ఉన్నచోటనే ఉంది. అందులోంచి ఒక్క కాయ కూడా బయటికి రాకూడదని గౌతమి రెండేళ్లు కాపలా కాసింది. ఆ కాయలు ఆ రోజు కొంగుల్లో మూటలై బయటికి వచ్చేశాయి. పంపించినవాడు ఆమె తండ్రి గోవిందప్ప.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బంధువులు ఒక్కొక్కరే రాప్తాడు ఆటో ఎక్కి వెళ్లిపోతున్నారు. గోవిందప్ప పందిరి గుంజ పట్టుకొని నిలబడి ఉన్నాడు. బడిలో తెలుగు చెప్పే మనిషి. మాటను తూచి వాడతాడని ఊళ్లో పేరు. ఆ వారమంతా ఆయనకు తూచడానికి కూడా మాట దొరకలేదు. అప్పుడు కాలనీ ఆడవాళ్లు వచ్చి వాకిలి బయట నిలబడ్డారు. ముందు బయమ్మ ఉంది. గౌతమిని ఇంటికి తెచ్చిన రోజు ఇంటివాళ్లకంటే ముందు గుండెలు బాదుకున్నది ఆమే.

"అయ్యోరా, ఈ పొద్దు అడగగూడదు. అయినా అడుగుతాండా," అంది. "పాప చేను పీకేసినాది గదా. పరిగెకు పోదుమా? ఆయమ్మ ఉన్నప్పుడు వద్దనింది. ఇప్పుడు మీరెట్ల చెప్తే అట్ల."

ఆ సీమలో వేరుశెనగ చెట్టు పీకినప్పుడు కొన్ని కాయలు, చెట్టుకు పట్టి ఉంచే ఊడ తెగి, మట్టిలోనే ఉండిపోతాయి. రైతు తన పంట మోసుకుపోయాక, మిగిలిన ఆ కాయల్ని తవ్వి ఏరుకోవడం కూలివాళ్ల హక్కు. దాన్నే పరిగె అంటారు. ఎంత దొరికిందని ఎవరూ అడగరు. చేలో అడుగు పెట్టే ముందు ఒక మాట చెప్పడం మర్యాద, కాదనడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. పైగా కర్మ జరిగే ఇంటి వాకిట్లోకి వచ్చి ఎవరేమడిగినా లేదనకూడదు. లేదంటే పోయినవాళ్లకు చెందదంటారు.

ఆ చేను గట్టున బోర్డు ఉంది. దాని మీద అక్షరాలు రాసింది గోవిందప్పే. అయినా ఆ క్షణంలో ఆయన కళ్ల ముందు బోర్డూ లేదు, అక్షరాలూ లేవు.

"పోండమ్మా," అన్నాడు.

*

రెండువేల సంవత్సరం వానాకాలంలో జిల్లా అంతటా వేరుశెనగ చేలు మొవ్వు మాడి, నిలువునా ఎండిపోయాయి. గౌతమి అప్పుడు అనంతపురంలో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. సెలవులకు వచ్చి చేల గట్ల మీద తిరిగింది. మాడినవాటి మధ్య పచ్చగా నిలిచిన చెట్లు అక్కడక్కడ కనిపిస్తే వాటి కాయలు తెచ్చుకుంది. డిగ్రీ అయిపోయినా కాలేజీని వదల్లేదు. లెక్చరర్‌ను పట్టుకొని, ప్రయోగశాలలో ఆయన పక్కనుండగా, ఆ గింజల్ని ఒక మందులో నానబెట్టింది. ఆ మందు గింజ లోపలి జన్యువుల్ని కదిలిస్తుంది. మొలిచినవాటిలో చాలామటుకు చెడిపోతాయి. ఎక్కడో ఒకటి కొత్త గుణంతో నిలబడుతుంది.

"అర్థం కాలేదు," అన్నాడు గోవిందప్ప.

"నాయనా, నీ పిల్లోళ్లు పాఠం చూసి రాసేటప్పుడు తప్పులు చేస్తారు గదా. అన్నీ తప్పులే. యాడో ఒక తప్పు మాత్రం అసలుకన్నా బాగుంటాది. ఆ ఒక్కదాని కోసం."

"నా బళ్లో అట్లాంటి తప్పు నేనింతవరకు చూల్లేదు."

"నువ్వు కనపడినదంతా ఎర్రసిరాతో కొట్టేస్తావు. యాడ కనపడతాది?"

తల్లి రామాంజినమ్మ రొట్టె తడుతూ, "తండ్రికి తగిన కూతురే. ఇద్దరూ తప్పుల యాపారమే," అంది.

విత్తే ముందు గౌతమి రాప్తాడులో వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్లింది. ఇలాంటి గింజలు పొలంలో వేయాలంటే ఎవరి అనుమతి కావాలి, ఏ కట్టుబాట్లు పాటించాలి అని అడగడానికి. సాయంత్రం చెప్పులు విడవకుండానే గడపలో కూర్చుంది.

"ఏ రూలూ లేదంట నాయనా. నీ ఇష్టమమ్మా అంటాండాడు ఆయప్ప."

"మంచిదే గదా. ఇంగ విత్తుకో."

"రూలు లేదంటే ప్రమాదం లేదని కాదు గదా. ఎవురూ చూస్తాండలేదని. ఇంగ నేనే చూడాల."

అలా పుట్టింది ఆ బోర్డు. రేకు తెచ్చి, తెల్లరంగు వేసి, ఎర్రరంగు డబ్బా తండ్రి ముందు పెట్టింది. ఆమె చెప్పింది, ఆయన రాశాడు. 'ఈ చేనిలో పండినది తినరాదు. విత్తనానికి తీసుకోరాదు. ఈ చేనికి పరిగె లేదు.' గోవిందప్ప మొదట 'దయచేసి' అని మొదలుపెట్టబోతే ఆమె చేయి పట్టుకుంది.

"దయచేసి వద్దు. దయచేసి అంటే చేయకపోయినా సరేలే అనుకుంటారు."

ముప్పై ఏళ్లుగా మాటలతో బతికిన ఆయనకు ఆ మాట గట్టిగా నచ్చింది. రేకు ఆరేదాకా గోడకు ఆనించి, వచ్చినవాళ్లకల్లా చూపించాడు.

చదవలేనివాళ్ల కోసం గౌతమే కాలనీకి వెళ్లి నోటితో చెప్పింది. పరిగె ఉన్న చేను కావాలంటే మా కింది చేనంతా మీదేనంది. ఎందుకని బయమ్మ అడిగితే, "ఏది మంచిదో ఏది చెడ్డదో నాకే ఇంకా తెలీదత్తా. తెలిసినాక మొదట నీకే చెప్తా," అంది. ఆ ఏడు ఎవరూ కంప దాటలేదు.

ఒక్కో రకానికి ఒక్కో సాలు, ఒక్కో రంగు దారం. విత్తనానికి కొన్ని పక్కన పెట్టి, పండిన ప్రతి రకం కాయల్ని రెండు భాగాలు చేసేది. ఒక భాగం కుండల్లో తడిమట్టి మధ్య కప్పిపెట్టేది. ఇంకో భాగం దంచి కోడిపిల్లలకు వేసేది. ఊరు ఊరంతా నవ్వింది. "అయ్యోరు పిల్లోళ్లకు చెప్తాడు, కూతురు కోడిపిల్లలకు చెప్తాది" అని. ఒకాయన నిలబెట్టి, "ఏమ్మా, పరీచ్చల్లో ఎన్ని పాసయినాయి?" అని అడిగితే, గౌతమి తడుముకోకుండా, "నీకన్నా రెండు తరగతులు ఎక్కువే చదివినాయిలే మామా," అంది. ఆ మాట రచ్చకట్ట మీద వారం రోజులు తిరిగింది.

ఎర్రదారం సాలు కాయలు తట్టలో పోసిన రోజు గోవిందప్పకు బాగా గుర్తు. ఒక్కో కాయ బొటనవేలంత. పాలతెలుపు పొట్టు. వానల మధ్య నెలన్నర చుక్క పడకపోయినా చెట్టు వడలలేదు.

"ఇదేనా నీ ఒక్క తప్పు?" అన్నాడు ఆయన, సంతోషం ఆపుకోలేక.

గౌతమి తట్ట దగ్గర కూర్చుంది. ఒక కాయను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. పొట్టు కాగితంలా విరిగింది.

తడిమట్టి కుండలు తీసినప్పుడు మిగతా రకాల్లో అక్కడక్కడ తప్ప కాయ గట్టిగానే ఉంది. ఎర్రదారం కుండ మాత్రం లోపలంతా పచ్చని బూజు. పొట్టు పలచన గనక బూజు గింజదాకా పోయింది. ఆ బూజు గింజలో విషం పుట్టిస్తుంది. కంటికి కనపడదు, ఉడికించినా పోదు. ఆ కుండలోవి దంచి వేస్తే, తిన్న కోడిపిల్లలు రెక్కలు వేలాడేసి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. గౌతమి వాటిని పెరట్లో పూడ్చి, చేతులు కడుక్కొని వచ్చి, తండ్రి పక్కన కూర్చుంది.

"అందంగా ఉండాది నాయనా. పనికిరాదు," అంది.

అయినా మరుసటి ఏడు చేను మూలలో మళ్లీ అదే వేసింది. ఒక్కసారి చూసి కొట్టేస్తే అన్యాయమవుతుందని. రెండోసారీ అదే తేలింది. ఇంకొక చెడ్డగుణం కూడా బయటపడింది. దానికి ఊడలు బలహీనం. చెట్టు పీకితే కాయలు సగానికి సగం తెగి మట్టిలోనే ఉండిపోతున్నాయి. చెట్లన్నీ పీకి, ఎర్రదారంవి కాల్చేసి, మిగతావి కట్టలుగా ఇంట్లో పెట్టింది. మట్టిలో మిగిలిన కాయల్ని తానే తవ్వి తీస్తానంది. కొత్త గుద్దలి కొనుక్కొస్తానని అనంతపురం బయలుదేరింది. తిరిగి వచ్చేటప్పుడు రాప్తాడు దగ్గర బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది.

*

కర్మ అయిన కొన్నాళ్లకు రామాంజినమ్మ, "పాప గంప చేనిలోనే ఉండాది. తెచ్చిపెట్టప్పా," అంది. గోవిందప్ప వెళ్లాడు. బోర్డు ఉన్నచోటే ఉంది. దాని వెనక నేలంతా తవ్వి తిరగేసి ఉంది. మిగతాచోట్ల పైపైన గీకారు. ఎర్రదారం మూలలో మాత్రం మోకాటిలోతు గుంతలు. తెగిన ఎర్రదారాలు మట్టిలో అక్కడక్కడ కనపడుతున్నాయి.

ఏం జరిగిందో అప్పుడు ఒక్కసారిగా ఆయనకు అర్థమైంది. పరిగెకు ఎక్కువ మిగిలేది ఆ కాయే. చేతికి దొరికితే ఎవరూ వదలనిదీ ఆ కాయే.

గంప అక్కడే వదిలేసి నేరుగా రాప్తాడు వెళ్లాడు. వ్యవసాయ అధికారి విజయభాస్కర్ కర్నూలు నుంచి వచ్చినవాడు, చిన్నవయసు. కుర్చీ చూపించి, మాటంతా విన్నాడు.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోవద్దు సార్. వేరే జీవి జన్యువు తెచ్చి మొక్కలో పెడితే దానికి చట్టముంది, ఢిల్లీలో కమిటీ ఉంది. పత్తి గొడవ పేపర్లో చూసే ఉంటారు. మందులో నానబెట్టి మార్చినదానికి ఏ అనుమతీ అక్కర్లేదు. మీ అమ్మాయి నేరం చేయలేదు. మీరూ చేయలేదు."

"నేరం సంగతి అడగడంలేదు సార్. ఆ కాయలు వెనక్కి తెప్పించే అధికారం మీకుండాదా అని."

"లేదు." అతను గొంతు తగ్గించాడు. "బూజు ఏ కాయకైనా పడుతుంది సార్. జనం తింటూనే ఉన్నారు. మీరిప్పుడు పైకి చెప్తే పేపర్లో విషపు శెనక్కాయ అని వస్తుంది. పక్కనే అమ్మాయి పేరు వస్తుంది. మీరు ఊరుకుంటే అడిగేవాళ్లు ఎవరూ లేరు."

అతను మంచికే చెప్పాడు. గోవిందప్పకు అది తెలుసు. లేచి నిలబడ్డాక విజయభాస్కర్ గుమ్మందాకా వచ్చాడు.

"ఆమె కూడా అదే కుర్చీలో కూర్చుంది సార్. రూలు ఉంటే ఎట్లా తప్పించుకోవాలని వచ్చేవాళ్లను రోజూ చూస్తాను. రూలు లేదంటే కోప్పడిన మనిషిని ఆమె ఒక్కతినే చూశాను."

ఇంటికి వచ్చి గోవిందప్ప భార్యకు చెప్పాడు. ఆమె చాట కింద పెట్టింది.

"నా బిడ్డ ఇసం పండించిందని ఊరంతా అనుకోనీ అంటావా?"

పోయినవాళ్లకు మిగిలేది పేరొక్కటే. ఆ పేరు ఇప్పుడు కాలనీలో దేవతలా వెలుగుతోంది. పరిగెలో అంత కాయ ఎన్నడూ దొరకలేదని, ఆ పాప పుణ్యమేనని ఆడవాళ్లు చెప్పుకుంటున్నారని ఆయన దారిలోనే విన్నాడు. ఆ కాయలు తినడానికి మనసొప్పక, ఆదివారం కోతపండగకు గౌతమి పేరున చర్చిలో పెడుతున్నారట. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. విత్తనానికి బాగుంటుందని చుట్టుపక్కల పల్లెలవాళ్లు అప్పుడే కన్నేశారు.

చెప్పకపోతే ఆమె పేరు చల్లగా ఉంటుంది. ఆ కాయ ఊరూరా మొలుస్తుంది. ఆదివారం పొద్దున కండువా వేసుకుంటుంటే రామాంజినమ్మ వెనక నుంచి అంది.

"పోతే పో. చెప్తే మాత్రం సగం చెప్పి రావద్దు. కోడిపిల్లలు చచ్చిన రోజు అది అన్నం తినలేదు. అది గూడ చెప్పు."

*

చర్చిలో బలిపీఠం ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, అరటిగెల, కాళ్లు కట్టిన కోడిపుంజు. వాటి మధ్య గోనెసంచి నిండా తెల్లటి కాయలు, సంచి మెడకు బంతిపూల దండ. గోవిందప్ప చెప్పులు విడిచి వెనక నిలబడ్డాడు. సంఘపెద్ద ఓబుళేసు చూసి ఎదురొచ్చాడు.

"ఏమప్పా, అయ్యోరు చర్చికొచ్చినాడంటే ఈ పొద్దు వాన పడాల్సిందే. ముందుకు రాండి, మీ పాప కానుక చూద్దురు."

"వేలానికి ముందు నేనొక మాట చెప్పాల ఓబుళేసూ."

ఆరాధన అయ్యాక ఓబుళేసు చేయెత్తి అందర్నీ కూర్చోబెట్టాడు. తరగతిలో నిలబడినంత తేలిక కాలేదు గోవిందప్పకు. సంచిలోంచి ఒక కాయ తీసి, రెండు వేళ్లతో నొక్కాడు. విరిగింది.

"ఈ కాయ మంచిది కాదు," అన్నాడు. "పొట్టు పలచన. తేమ తగిలితే లోపలిదాకా బూజు పోతాది. ఆ బూజులో ఇసముంటాది. దీన్ని తినొద్దు, విత్తొద్దు. అది చెప్పేదానికే వచ్చినా."

ఓబుళేసు మెల్లగా అడిగాడు.

"అంటే అయ్యోరా, మీ పాప ఇసం చేసిందా?"

గోవిందప్ప తడబడతాడని చాలామంది అనుకున్నారు. ఆయన తడబడలేదు.

"చేసింది. చేసినానని తనే కనుక్కుంది. ఎవురూ అడగలేదు, ఏ సర్కారూ చెప్పలేదు. కోడిపిల్లలకు పెట్టి చూసింది. అవి చచ్చిపోతే ఆ పూట అన్నం తినలేదు. అంత అందమైన కాయను వద్దనుకుంది. మీ చేతికి అందకుండా కంప కట్టింది, బోర్డు పెట్టింది, మీ ఇండ్లకొచ్చి చెప్పింది. మీ చేతికి అందించింది నేను."

ఎవరో ఒకామె చటుక్కున లేచింది. "నిన్న మా పిల్లోడు గుప్పెడు తిన్యాడయ్యోరా!"

"ఎండిన కాయేనా? బూజు లేదు గదా?"

"లేదు. బాగా ఎండినాదే."

"అయితే భయం లేదమ్మా. చెడు ఇప్పుడు కాదు. తడిసినాక."

పక్కవరుసలో కుర్రాడొకడు, "బూజు పట్టినవి ఏరి పారేసి, మంచివి విత్తుకుంటే పోయేదేముండాది సార్? ఇంత కాయ మళ్లా యాడొస్తాది?" అన్నాడు. నిజానికి అందరి మనసులో ఉన్నది అదే.

గోవిందప్ప ఆలోచించాడు. గౌతమి అయితే ఏమనేది? ఆమె మాట ఆయనకు నేరుగా గుర్తు రాలేదు. ఆమె ఎట్లా ఆలోచించేదో మాత్రం తెలుసు.

"మిద్దె ఉన్నోని ఇంట్లో ఈ కాయ పొడిగానే ఉంటాది. బాగా పండిందని వాడు పదిమందికి పంచుతాడు. కొట్టం కురిసేది ఎవురికి? బూజు పట్టేది ఎవురింట్లో? బూజు పట్టినా పారేయలేక కడుక్కొని తినేది ఎవురు?"

కుర్రాడు తల దించుకున్నాడు. ఆ చర్చిలో కూర్చున్నవాళ్లలో కురవని కప్పు కింద పడుకునేవాళ్లు తక్కువ.

"బదులుగా మా కింది చేను కాయలు బండికెత్తించినా," అన్నాడు గోవిందప్ప. "గుమ్మం కాడే ఉండాయి. సంచికి సంచి..."

బయమ్మ లేచింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఆగండయ్యోరా. మీరు పోండి అంటేనే పోయినాం. పరిగె ఏరినాక ఆ కాయ మాది. మీరడిగేది లేదు, మేం మార్చుకునేది లేదు. మార్చుకుంటే అది యాపారమైతాది." ఆమె సంచి దగ్గరికి నడిచి, బంతిపూల దండ తీసి బలిపీఠం మీద పెట్టింది. "ఆ పాప వద్దనింది. కారణం తెలిసినాక మొదట నీకే చెప్తా అత్తా అనింది. ఈ పొద్దు చెప్పినట్లయింది. మేమే కాల్చేస్తాం. బండి తోలుకొని పోండి."

"తిండిని కాల్చేదేందే, పాపం గదా," అంది ఒక ముసలామె.

"తినలేనిది తిండి యాడవుతాది?" అంది బయమ్మ.

చర్చి వెనక ఖాళీస్థలంలో కంప పేర్చి సంచి బోర్లించారు. ఇళ్లల్లో దాచుకున్నవి కూడా కొందరు కొంగుల్లో తెచ్చి పోశారు. నిప్పు అంటుకున్నాక వేయించిన శెనక్కాయల కమ్మని వాసన కాలనీ అంతా నిండింది. ఆటలు మానేసి పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. తల్లులు వాళ్లను రెక్కలు పట్టుకొని వెనక్కి లాక్కెళ్లారు. కాయలు చిటపటమంటున్నాయి. గోవిందప్ప చూస్తూ నిలబడ్డాడు. కూతురు చితి దగ్గర కూడా ఆయన అంతసేపు నిలబడలేకపోయాడు.

ఓబుళేసు వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేనడిగింది తప్పు అయ్యోరా. ఇసం చేసిందా అని."

"తప్పు కాదు. అట్లే అడగాల. అది గూడ అట్లే అడుగుతాండె, తనను తాను."

మంట తగ్గాక బయమ్మ దగ్గరికొచ్చింది. ఇందాకటి కోపం లేదు.

"అంతా రాలేదయ్యోరా. మా చెల్లెలు తిమ్మక్క శుక్రవారం వచ్చి పోయినాది. నేనే ఒక మూట కట్టిచ్చినా. విత్తనానికని."

"యాడికి?"

"గుమ్మఘట్టకు."

*

మరుసటి రోజు ఇద్దరూ బస్సెక్కారు. కళ్యాణదుర్గం దాటి, రాయదుర్గం దాటి, గుమ్మఘట్ట చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. తిమ్మక్క ఇంటి ముందు రాగులు చెరుగుతోంది. అక్కను చూసి నవ్వుతూ లేచింది, వెనక అయ్యవారిని చూసి కొంగు సర్దుకుంది.

"ఏమక్కా, చెప్పకుండా వస్తివి! రాండి సారూ, కూర్చోండి."

"కూర్చునేది తర్వాతలేగానీ, నేనిచ్చిన కాయ యాడుండాది?"

"ఆ శెనక్కాయా? మొన్న సంతలో ఇచ్చేస్తిని గదా. ఎర్రగడ్డలకు మార్చుకుంటి." తిమ్మక్క ముఖం వెలిగిపోయింది. "ఏం కాయక్కా అది! చూసినోళ్లంతా మూగినారు. మొదట అడిగినాయప్పకే ఇచ్చేస్తి."

"ఎవురాయప్ప?"

"కన్నడం మాట్లాడినాడు. ఎర్రగడ్డల బండి తోలుకొని ఉండె. విత్తనానికి బాగుంటాదని, వాళ్లూరోళ్లకు తలా ఇంత ఇస్తానని చెప్పినాడు. పేరు నేనెందుకు అడుగుతా?"

బయమ్మ చెల్లెలి మీద చెయ్యెత్తింది. గోవిందప్ప అడ్డుపడ్డాడు. "ఆయమ్మ తప్పేముండాది? ఊరుకో బయమ్మా."

సంత జరిగే మైదానం ఖాళీగా ఉంది. మూలనున్న కిరాణా అంగడివాణ్ని అడిగారు. ఉల్లిపాయలమ్మే ఎర్రగడ్డల బండి అతను, కన్నడం మాట్లాడతాడు. అంగడివాడు చేయి తిప్పాడు. "గొత్తిల్లప్పా, తెలీదు. సంతకు ఆ పక్క నుంచి యాభై బండ్లొస్తాయి. నేనెవర్ని గుర్తు పెట్టుకునేది?"

గోవిందప్ప జేబులోంచి కాల్చకుండా ఉంచుకున్న ఒక కాయను తీసి అంగడి బల్ల మీద పెట్టాడు. "ఇట్లాంటిది ఎవురన్నా తెచ్చినా, ఎవురి చేతిలో చూసినా, తినొద్దని, విత్తొద్దని చెప్పు. ఎర్రకొండాపురం అయ్యవారు వెతుకుతాండాడని చెప్పు."

అంగడివాడు కాయను ఎత్తి చూశాడు. "అబ్బ! ఎవరు పండించినారు సార్ ఇది?"

"నా కూతురు," అన్నాడు గోవిందప్ప. "పండించి, పనికిరాదని చెప్పింది."

అంగడివాడికి ఆ మాట సగమే అర్థమైనట్టుంది. కాయను తూకపురాళ్ల పక్కన పెట్టుకున్నాడు. గోవిందప్ప కాసేపు చూసి, దాన్ని తిరిగి తీసుకొని జేబులో వేసుకున్నాడు. ఒక్క కాయ కూడా ఎవరి దగ్గరా ఉండకూడదు.

సంత రోజున మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతి సంతకూ వచ్చాడు. ఎర్రగడ్డల బండ్లన్నిటి దగ్గరా ఆగి కాయను చూపించాడు. ఆదివారాలు ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరిగాడు, అప్పుడు బయమ్మ కూడా వెంట వచ్చింది. విజయభాస్కర్ ఆ మండలంలో తనతో చదువుకున్న అధికారికి ఫోన్ చేసి చెప్పాడు. ఒకరిద్దరు ఆ బండి మనిషిని చూశామన్నారు. అతనిది సరిహద్దు అవతలి ఊరని ఒకరు, ఇవతలిదేనని ఇంకొకరు.

ఆ మూట ఇంకా దొరకలేదు. గుమ్మఘట్ట సంతకు వచ్చే ఊళ్లన్నీ తొలకరి వానకు ముందే తిరగాలి. గోవిందప్ప వాటిలో సగం కూడా తిరగలేదు.